గంటకు పాతిక కిలోమీటర్లు

మొన్నామధ్య మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులో ఒక తీర్మానం పెట్టారు. "సెల్లార్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్లకి చార్జింగ్ పెట్టరాదు." అంతే, ఒక్క వాక్యం. సమోసాలు వచ్చేలోపు పాసైపోయేదే. నలభై ఎనిమిది ఫ్లాట్లలో ఎలక్ట్రిక్ బళ్ళున్నది తొమ్మిదిమందికి. అందులో నేనూ ఒకణ్ణి. కానీ ఆ వాక్యం వినగానే నాకు గుర్తొచ్చింది నా బండి కాదు, నాన్న బండి.

నాన్న 2008లో రిటైరయ్యారు. ఆయన జీవితమంతా సైకిలే. స్కూటర్ నేర్చుకోలేదు, లైసెన్సు తీసుకోలేదు. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక ఆ సైకిలూ మూలపడింది. రైతుబజారుకి వెళ్ళాలన్నా ఆటో బేరం, బ్యాంకుకి వెళ్ళాలన్నా నాకు సెలవుండాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లో బ్యాటరీ స్కూటర్ల షాపులు పుట్టగొడుగుల్లా లేచాయి. "లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, పెట్రోలు అక్కర్లేదు" అని ఇంతేసి అక్షరాలతో బోర్డులు. ముప్ఫై వేల లోపే కదాని ఒకటి కొనిపెట్టాను. గంటకు పాతిక కిలోమీటర్లు మించి పోదు. అమ్మ వెనక కూర్చుంటే ఫ్లైఓవర్ ఎక్కలేక సగంలో ఆయాసపడేది. అమ్మ దిగి నడిచేది, పైకెళ్ళాక మళ్ళీ ఎక్కేది. అయితేనేం, ఆ ఏడాదిన్నర నాన్న ఎవర్నీ "కాస్త దింపుతావురా" అని అడగలేదు.

ఏడాదిన్నర తర్వాత బ్యాటరీలు చచ్చిపోయాయి. కొత్త సెట్టు కోసం షాపుకి వెళితే ఆ షట్టర్ మీద కర్రీ పాయింట్ బోర్డు ఉంది. కంపెనీ నంబరుకి ఎన్నిసార్లు చేసినా ఎత్తేవాళ్ళు లేరు. బయట దొరికిన బ్యాటరీలు వేయిస్తే అవి ఎనిమిది నెలలు వచ్చాయి. తర్వాత ఆ బండి నాలుగేళ్ళు సెల్లార్‌లో దుమ్ముపట్టి, చివరికి పాత ఇనుము లెక్కన పోయింది. నాన్న మాత్రం ఒక్క మాటే అన్నారు: "బండి మంచిదేరా, దాని వెనక మనుషులే లేరు."

చాలా ఏళ్ళు నేను తప్పు బ్యాటరీది అనుకున్నాను. ఇంజనీర్లం కదా, ఏది ఫెయిలైనా ముందు హార్డ్‌వేర్ మీదికి తోసెయ్యడం అలవాటు. ఆ తర్వాత ఈ బళ్ళ చరిత్ర కాస్త తిరగేస్తే తెలిసిందేవిటంటే, అదే సీసపు బ్యాటరీ, అదే మోటారు, దాదాపు అదే బండి చైనాలో కోట్ల మందిని రోజూ ఆఫీసుకి, బజారుకి మోసింది. (మన దగ్గర ఆ రోజుల్లో అమ్మినవాటిలో చాలావరకు అక్కడి విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించినవే.) మరి తేడా ఎక్కడొచ్చింది?

నాకర్థమైనంతలో ఎలక్ట్రిక్ స్కూటర్ ఒక ఊరి దైనందిన జీవితంలో కలవాలంటే మూడు ప్రశ్నలకి జవాబు దొరకాలి. చట్టం దృష్టిలో ఇది ఏమిటి? రాత్రిపూట ఇది ఎక్కడ తింటుంది? చెడిపోయినప్పుడు దీని వెనక ఎవరున్నారు? మూడూ బోరు ప్రశ్నలే. వోల్టేజీ, టార్కు, టచ్‌స్క్రీన్ గురించి ఒక్కటీ లేదు. కానీ చరిత్ర మొత్తం వీటి చుట్టూనే తిరిగింది. మొదటిదానికి షాంఘై, రెండోదానికి తైపీ, మూడోదానికి మన ఊళ్ళే ఉదాహరణ.

అసలు కరెంటుతో నడిచే ద్విచక్ర వాహనం కొత్తదేం కాదు. అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ అనే ఆయనకి బ్యాటరీ సైకిలు మీద పేటెంటు వచ్చింది 1895 డిసెంబరు 31న. వెనక చక్రం మధ్యలోనే మోటారు పెట్టాడు. నాన్న బండికీ మోటారు అక్కడే ఉండేది. ఆ తర్వాత వందేళ్ళు ఇదొక వింత వస్తువుగానే ఉండిపోయింది. 1996లో ఫ్రాన్సులో ప్యూజో కంపెనీ స్కూట్‌ఎలెక్ అని ఒక చక్కటి స్కూటర్ తెచ్చింది. నికెల్ కాడ్మియం బ్యాటరీ, గంటకు 45 కిలోమీటర్ల వేగం, ఒక చార్జికి నలభై కిలోమీటర్లు. ఇంజనీరింగ్ పరంగా వంక పెట్టడానికి లేదు. పదేళ్ళలో అమ్ముడుపోయినవి కొన్ని వేలు మాత్రమే. మంచి ప్రాడక్టు ఉంటే చాలు, జనం వాళ్ళే వస్తారు అనుకునే మనలాంటి వాళ్ళందరూ ఈ ఒక్క కథ గుర్తుపెట్టుకుంటే మంచిది.

ఇహ చైనాకి వద్దాం. 1990లలో అక్కడి నగరాలు పొగతో, ట్రాఫిక్‌తో ఉక్కిరిబిక్కిరై పెట్రోలు మోపెడ్ల మీద కత్తి కట్టాయి. షాంఘై 1996లో వాటికి కొత్త నంబరు ప్లేట్లు ఇవ్వడం ఆపేసింది. తర్వాత పదుల కొద్దీ నగరాలు మోటారుసైకిళ్ళని నిషేధించాయి, లేకపోతే బాగా బిగించేసాయి. ఇది మొదటి సగం. రెండో సగం 1999లో వచ్చింది. జీబీ 17761 అనే ఒక జాతీయ ప్రమాణం. దాని సారాంశం ఇది: బండి వేగం గంటకు 20 కిలోమీటర్లు దాటకూడదు, బరువు 40 కిలోలు మించకూడదు, పెడల్స్ ఉండాలి, మోటారు 240 వాట్లలోపు ఉండాలి. ఇవన్నీ ఉంటే అది మోటారు వాహనం కాదు, సైకిలు! సైకిలంటే లైసెన్సు లేదు, ఇన్సూరెన్సు లేదు, పైగా నగరమంతా అప్పటికే ఉన్న వెడల్పాటి సైకిలు దారుల్లో పోవచ్చు.

గమనించండి, ఇక్కడ ఎవరూ కొత్త రోడ్డు వెయ్యలేదు, పెద్ద సబ్సిడీ ఇవ్వలేదు. ఒక నిర్వచనం రాసారు, అంతే. పాత ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ మీద కొత్త అప్లికేషన్ దిగింది. బ్యాటరీ చాలా బళ్ళలో ఊడదీసి పైకి పట్టుకుపోయేలా ఉండేది. 2003లో సార్స్ వచ్చినప్పుడు బస్సెక్కడానికి భయపడినవాళ్ళు కూడా ఇటే వచ్చారు. 1998లో ఏడాదికి సుమారు 40 వేలు అమ్ముడైన ఈ బళ్ళు 2005 నాటికి కోటి దాకా వెళ్ళాయి. ఏడేళ్ళలో!

అంతా బాగుందా అంటే, లేదు. గంటకు 20 అనే హద్దు కాగితం మీదే ఉండిపోయింది. వేగాన్ని ఆపే తీగ ఒకటుండేది, కొన్నాక షాపువాడే అది కత్తిరించి ఇచ్చేవాడు. పెడల్స్ బండితోపాటు సంచీలో వచ్చేవి, ఇంట్లో అటక మీదికి పోయేవి. చూడ్డానికి సైకిలు కాని, నడవడానికి సైకిలు కాని, చట్టానికి మాత్రం సైకిలైన బళ్ళు రోడ్ల నిండా నిండాయి. స్పెసిఫికేషన్‌లో ఉన్నది ఒకటి, ప్రొడక్షన్‌లో నడిచేది ఒకటి... మనకి తెలియని వ్యవహారమా! బీజింగ్ 2002లో వీటిని వద్దంది, 2006 జనవరిలో ఆ నిషేధం ఎత్తేసింది. అదే 2006 నవంబరులో గ్వాంగ్‌జౌ నిషేధించింది. 2009 చివర్లో, 40 కిలోలు, గంటకు 20 కిలోమీటర్లు దాటినవన్నీ మోటారుసైకిళ్ళ కిందే లెక్క అని ఒక ప్రమాణం తెస్తే దేశమంతా గగ్గోలు పెట్టింది. దాన్ని పక్కన పెట్టేసారు. అప్పటికే అవి లేకుండా ఊరు నడవని పరిస్థితి. చివరికి 2019 ఏప్రిల్‌లో నిజానికి దగ్గరగా ఉండే కొత్త ప్రమాణం అమల్లోకొచ్చింది: 25 కిలోమీటర్ల వేగం, 55 కిలోల బరువు, 400 వాట్లు. రెండు దశాబ్దాలు పట్టింది ఆ బగ్ సరిచెయ్యడానికి.

కాబట్టి షాంఘై నేర్పేది రెండు ముక్కలు. నిర్వచనం సులువుగా ఉంటే సామాన్యుడు వచ్చి చేరతాడు. నిర్వచనానికీ నిజానికీ మధ్య దూరం పెరిగితే ఆ దూరంలోనే ప్రమాదాలు కాపురం పెడతాయి. రెండోదాని సంగతి చివర్లో మళ్ళీ చెప్తాను.

ఇప్పుడు తైవాన్. జనాభా రెండుకోట్ల ముప్ఫై లక్షలు, స్కూటర్లు కోటికి చాలా పైన. స్కూటర్లు తయారుచెయ్యడంలో వాళ్ళు ఆరితేరినవాళ్ళు. 1998లో అక్కడి ప్రభుత్వం ఎలక్ట్రిక్ స్కూటర్లకి బ్రహ్మాండమైన పథకం పెట్టింది. కొన్నవాళ్ళకి సబ్సిడీ, పరిశోధనకి నిధులు, 2000 నుంచి ప్రతి కంపెనీ అమ్మకాల్లో 2 శాతం ఎలక్ట్రిక్ ఉండాలనే నిబంధన. డబ్బుంది, టెక్నాలజీ ఉంది, చిత్తశుద్ధి ఉంది. నాలుగైదేళ్ళలో పాతికవేల పైచిలుకు బళ్ళు అమ్ముడయ్యాక పథకం మూతపడింది. సముద్రానికి అటుపక్క ఊళ్ళో పెద్ద సబ్సిడీ లేకుండా కోటి అమ్ముడైతే, ఇటుపక్క అన్నీ ఇచ్చినా పాతికవేలు!

కారణాలు రెండు. మొదటిది, పెట్రోలు స్కూటర్ హాయిగా రోడ్డు మీద ఉంది, దాన్ని ఎవరూ ఆపలేదు. చవకైనది, వేగమైనది పక్కనే ఉండగా నెమ్మదిగా పోయేదాన్ని ఎవడు కొంటాడు? రెండోది మనకి బాగా తెలిసిన కారణం. తైపీలో జనం ఉండేది నాలుగైదు అంతస్తుల అపార్ట్‌మెంట్లలో, స్కూటర్లు పెట్టేది వీధిలో. వీధిలో ప్లగ్గు లేదు. సీసపు బ్యాటరీ మోసుకుని మెట్లెక్కడం అందరివల్లా అయ్యే పని కాదు.

ఈ రెండో చిక్కుకి జవాబు దొరకడానికి ఇంకో పదిహేనేళ్ళు పట్టింది. 2011లో మొదలైన గొగోరో అనే కంపెనీ 2015లో తైపీలో స్కూటర్ దింపింది. దాని కిటుకు స్కూటర్‌లో లేదు. వీధి మూల, పెట్రోలు బంకు పక్కన, కిరాణా షాపు ముందు ఒక బీరువా లాంటి యంత్రం పెట్టారు. బండి ఆపి, సుమారు తొమ్మిది కిలోల బ్యాటరీ తీసి అందులో పెడితే నిండినది బయటికొస్తుంది. నెలకింత అని చందా. బ్యాటరీ మనది కాదు, కాబట్టి అది పాతబడితే దిగులూ మనది కాదు. నాన్న బండికి వచ్చిన జబ్బుకి ఇదే మందు! 2019లో తైవాన్‌లో కొత్తగా అమ్మిన ద్విచక్ర వాహనాల్లో ఎలక్ట్రిక్ వాటా సుమారు 18 శాతానికి చేరింది. మరుసటి ఏడాది పెట్రోలు బళ్ళకి, ఎలక్ట్రిక్ బళ్ళకి ఇచ్చే ప్రోత్సాహాల మధ్య తేడా తగ్గించేసరికి అదే వాటా పది శాతం దగ్గరికి పడిపోయింది. ఎక్కడ తింటుందో తేలినా, ధర విషయంలో సర్కారు మనసు మార్చుకుంటే కథ మళ్ళీ వెనక్కే.

సరే, మన దగ్గరికి వద్దాం. మన మోటారు వాహన నిబంధనల్లోనూ చైనా లాంటి వాక్యమే ఒకటుంది. 250 వాట్లలోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్లు మించని వేగం ఉంటే అది మోటారు వాహనమే కాదు. లైసెన్సు, రిజిస్ట్రేషన్, రోడ్డు టాక్సు ఏవీ లేవు. ఈ వాక్యం పుణ్యాన 2006-08 మధ్య డజన్లకొద్దీ కంపెనీలు వచ్చాయి. 2008 జులైలో ముడిచమురు పీపా 147 డాలర్లకి వెళ్ళినప్పుడు మా నాన్న లాంటి వాళ్ళు బోలెడంతమంది వీటిని కొన్నారు. మొదటి ప్రశ్నకి జవాబు అలా తేలిగ్గానే దొరికింది. అయితే చైనాలో ఉన్న రెండు సదుపాయాలు మనకి లేవు. పెట్రోలు బళ్ళ మీద నిషేధం లేదు (ఉండాలని నేననడం లేదు), నెమ్మది బండి పోవడానికి వేరే దారీ లేదు. కూకట్‌పల్లి మెయిన్ రోడ్డు మీద సిటీబస్సుకీ లారీకీ మధ్య గంటకు పాతిక కిలోమీటర్లలో పోవడం ఎలా ఉంటుందో నాన్నని అడగాలి.

మూడో ప్రశ్న, అంటే దీని వెనక ఎవరున్నారన్నది, మన దగ్గర మొదట్నుంచీ దెబ్బకొట్టింది. 2010 నవంబరులో కేంద్రం మొదటిసారి సబ్సిడీ ఇచ్చింది. నెమ్మది స్కూటర్‌కి 4 వేలు, వేగం స్కూటర్‌కి 5 వేలు, అది కూడా ఫ్యాక్టరీ ధరలో 20 శాతం మించకుండా. 2012 మార్చి 31న ఆ పథకం అయిపోయింది. తర్వాత ఏముందో ఎవరూ చెప్పలేదు. పరిశ్రమ లెక్కల ప్రకారం 2011-12లో లక్ష దాకా ఉన్న అమ్మకాలు మరుసటేడు సుమారు 42 వేలకి, ఆపై ఏడు సుమారు 21 వేలకి జారాయి. షాపులు మూతపడ్డాయి, మెకానిక్కులు వేరే పనుల్లో చేరిపోయారు. సరిగ్గా ఆ రెండేళ్ళే ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకి పవర్ హాలిడేలు, ఇళ్ళకి గంటలకొద్దీ కోతలు. ఇంట్లో ఫ్యానే తిరగనప్పుడు బండికి చార్జింగ్ మాట ఎవరెత్తుతారు?

తర్వాత 2015 ఏప్రిల్‌లో ఫేమ్ పథకం వచ్చింది. 2018 అక్టోబరు నుంచి సీసపు బ్యాటరీ బళ్ళని అందులోంచి తీసేసారు. 2019 ఏప్రిల్‌లో వచ్చిన రెండో ఫేమ్‌కి పదివేల కోట్లు కేటాయించారు, కానీ బండి కనీసం గంటకు 40 కిలోమీటర్ల వేగం పోవాలి, ఒక చార్జికి 80 కిలోమీటర్లు రావాలి అన్నారు. సాంకేతికంగా మంచి నిర్ణయమే. 2018లో బెంగళూరులో ఏథర్ 450 వచ్చింది. 2020 జనవరిలో బజాజ్ చేతక్, టీవీఎస్ ఐక్యూబ్ వచ్చాయి. నెమ్మదిగా పోయేది, పెద్దవాళ్ళకే పనికొచ్చేది అన్న ముద్ర పోయింది. 2020 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం మొదటి 2 లక్షల ఎలక్ట్రిక్ ద్విచక్ర వాహనాలకి రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించింది. 2024 నవంబరులో ఆ సంఖ్య పరిమితి కూడా తీసేసింది. 2021 జూన్‌లో హైదరాబాద్‌లో పెట్రోలు వంద దాటింది. దాంతో మన ఐటీ జనమంతా ఎక్సెల్ షీటు తీసారు. వంద కిలోమీటర్లకి పెట్రోలు రెండొందల పైమాటే, కరెంటయితే ఎంత పై స్లాబు పడ్డా నలభై రూపాయలు. లెక్క తేలిపోయింది. నేనూ అలాగే కొన్నాను. 2024-25లో దేశంలో 11 లక్షల పైచిలుకు అమ్ముడయ్యాయి. మొత్తం ద్విచక్ర వాహనాల్లో ఇది ఆరు శాతం.

కానీ ఒకటి గమనించారా? ఈ పదేళ్ళ పాలసీలో నాన్న బండి మాయమైపోయింది. గంటకు పాతిక కిలోమీటర్ల బండికి సబ్సిడీ లేదు, మంచి బ్యాటరీ పెట్టమని ఒత్తిడీ లేదు. నిబంధనల్లో ఆ వాక్యం మాత్రం అలాగే ఉంది. ఆ సందులోంచే అవి మళ్ళీ వచ్చాయి. మీకు పదినిమిషాల్లో పెరుగు ప్యాకెట్టు తెచ్చే కుర్రాణ్ణి ఒకసారి చూడండి. నంబరు ప్లేటు లేని చిన్న బండి, వారానికింత అని అద్దె. లైసెన్సు లేకపోయినా పని దొరికే బండి అదొక్కటే.

సబ్సిడీ మాట మళ్ళీ చూద్దాం. 2021 జూన్‌లో కిలోవాట్ అవర్‌కి 15 వేలు, గరిష్ఠంగా ధరలో 40 శాతం చేసారు. 2023 జూన్‌లో అది 10 వేలకి, 15 శాతానికి దించారు. ఈ ఎక్కుడు దిగుడుల మధ్య, విడిభాగాలు ఇక్కడివా కావా అన్న గొడవల మధ్య కొన్ని కంపెనీలు కూలబడ్డాయి. 2021-22లో అమ్మకాల్లో దేశంలోనే ముందున్న హీరో ఎలక్ట్రిక్ 2024 డిసెంబరులో దివాలా విచారణకి వెళ్ళింది. అది కొన్న లక్షలమంది పరిస్థితి ఏమిటి? 2010లో షట్టర్ ముందు నిలబడ్డ నాన్న పరిస్థితే. పదిహేనేళ్ళలో మోటారు మారింది, బ్యాటరీ మారింది, యాప్ వచ్చింది. మూడో ప్రశ్న మాత్రం టికెట్ ఓపెన్‌లోనే ఉంది.

ఇప్పుడు అసలు భయం దగ్గరికి. మా సెక్రటరీగారు తీర్మానం పెట్టింది ఊరికే కాదు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ బళ్ళ షోరూంలో మంటలు లేచి, పొగ మెట్లగుండా పైకి పాకి ఎనిమిదిమంది చనిపోయారు. ఆయన దాన్నే చెప్పారు. ఆయన భయం నాకు అర్థమైంది, అందరికీ అర్థమైంది.

అయితే అదే ఏడాది ఏప్రిల్‌లో జరిగిన ఇంకో రెండు సంగతులు నేను గుర్తుచేసాను. నిజామాబాద్‌లో రాత్రి ఇంట్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఎనభై ఏళ్ళ పెద్దాయన చనిపోయారు. విజయవాడలో అంతకుముందు రోజే కొన్న బండి బ్యాటరీని పడగ్గదిలో చార్జింగ్ పెడితే తెల్లవారుజామున పేలి ఇంటాయన చనిపోయారు, భార్య తీవ్రంగా గాయపడ్డారు. రెండుచోట్లా బండి బయటే ఉంది, బ్యాటరీ మనుషుల మధ్య ఉంది.

సెల్లార్‌లో వద్దు అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటే ఏమవుతుంది? బళ్ళు మాయం కావు. బ్యాటరీ లిఫ్టెక్కి ఫ్లాట్‌లోకి, మంచం పక్కకి వస్తుంది. ఇది నా ఊహ కాదు. చైనాలో భవనాల్లో చార్జింగ్ వద్దన్న కొద్దీ జనం ఐదో అంతస్తు కిటికీలోంచి కిందికి ఎక్స్‌టెన్షన్ తీగలు వేలాడదీసారు. దానికక్కడ "ఎగిరే తీగలు" అని పేరు కూడా ఉంది. 2024 ఫిబ్రవరిలో నాన్‌జింగ్‌లో ఒక అపార్ట్‌మెంటు కింద ఈ బళ్ళు పెట్టేచోట మంటలు లేచి 15 మంది చనిపోయారు. 2025 సెప్టెంబరు నుంచి వాళ్ళు ప్రమాణాన్ని మళ్ళీ బిగించారు. ప్లాస్టిక్ తక్కువుండాలి, వేగం తీగ కత్తిరించడం కుదరకూడదు అని. 1999లో వదిలేసిన తీగ కథ పాతికేళ్ళకి అలా తేలింది. మన దగ్గరా 2022 డిసెంబరు, 2023 మార్చి, రెండు విడతలుగా ఏఐఎస్-156 అనే బ్యాటరీ భద్రతా ప్రమాణాన్ని బిగించారు. ఒక సెల్ అంటుకుంటే పక్కదానికి పాకకుండా చూడాలి, ముందే హెచ్చరిక రావాలి. నా బండి ఆ తర్వాతది. నంబరు ప్లేటు లేని బళ్ళలో ఏ బ్యాటరీ ఉందో, ఎవరు మార్చారో చూసేవాళ్ళెవరు?

మా అపార్ట్‌మెంటులో అలాంటి బండి ఒకటుంది. మా వాచ్‌మన్ కొడుకుది. డెలివరీ పని చేస్తాడు. మీటింగయ్యాక నా దగ్గరికొచ్చి అడిగాడు: "సార్, కింద పెట్టొద్దంటే రాత్రి మా రూంలనే పెట్టుకుంట. అమ్మ, చెల్లె ఆడనే పండుకుంటరు. ఏం గాదు కదా సార్?" వాళ్ళ గది ఎంతుంటుందో మీకు తెలుసు, పది బై పది. దానికి తలుపొక్కటే. తొమ్మిదిమంది ఓనర్లం ఆఫీసులో చార్జింగ్ పెట్టుకోగలం, లేదా ఏ మాల్‌లోనో పెట్టుకోగలం. ఈ ఒక్క వాక్యం బరువు మొత్తం పడేది తీర్మానం మీద ఓటు లేని పదో మనిషి మీద.

ఇంజనీరుగా నేను చెప్పిన ప్రత్యామ్నాయం పెద్ద గొప్పదేం కాదు. సెల్లార్‌లో వద్దు, ఒప్పుకుంటాను. ప్రహరీగోడ వెంబడి, మెట్లకీ లిఫ్టుకీ దూరంగా, పైన రేకు, పక్కలు తెరిచి ఒక షెడ్డు. దానికి వేరే లైను, వేరే మీటరు, ప్రతి పాయింటుకీ ట్రిప్పయ్యే స్విచ్చి. ఎక్స్‌టెన్షన్ బోర్డులు నిషేధం. బ్యాటరీ ఫ్లాట్లలోకి తేవడం నిషేధం. ఒక పాయింటు వాచ్‌మన్‌కీ, వచ్చే పోయే డెలివరీ కుర్రాళ్ళకీ. ఇది చట్టానికి విరుద్ధం కూడా కాదు. కేంద్రం 2019లోనే నమూనా భవన నిబంధనల్లో పార్కింగులో 20 శాతం చార్జింగుకి సిద్ధంగా ఉండాలని రాసింది. కొత్త బిల్డింగుల సంగతి అది, మా పాత బిల్డింగుకి మేమే రాసుకోవాలి.

"ఖర్చెవరు పెట్టుకుంటారండీ?" అన్నారు మూడో అంతస్తు ఆయన. "వాడుకున్నవాళ్ళే" అన్నాను. "మరి డెలివరీ వాళ్ళవో?" నేను కాసేపు ఆలోచించి, ఆ పాయింటు బిల్లు నా వాటాలో వెయ్యమన్నాను. నెలకి రెండు మూడొందలు దాటదు. ఆ తర్వాత చర్చ అటూ ఇటూ తిరిగి, యథాప్రకారం, ఒక కమిటీ వేసారు. నోరు తెరిచినవాడికే పని కాబట్టి అందులో నేనూ ఉన్నాను. వచ్చే నెల మొదటి ఆదివారం ఓటింగు. అప్పటిదాకా ఆ కుర్రాడి బండికి నా పార్కింగులోనే, నా కళ్ళముందే, సాయంత్రం పూట చార్జింగు. పదింటికల్లా తీసెయ్యాలన్నది మా ఒప్పందం.

రాత్రి భోజనాల దగ్గర ఇదంతా నాన్నకి చెప్పాను. అంతా విని, "లైసెన్సు అక్కర్లేని బళ్ళు ఇంకా ఉన్నాయన్నమాట" అన్నారు. అంతే, ఇంకేం అనలేదు. మరుసటి రోజు పొద్దున చూస్తే కిందికి దిగి ఆ కుర్రాడి బండి చుట్టూ తిరిగి చూస్తున్నారు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషికి బండి కొనిపెట్టే ధైర్యం నాకు లేదు, ఈ రోడ్ల మీద అసలు లేదు. కానీ ఆయన అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. "దీని వెనక ఎవరున్నార్రా?"

మీ అపార్ట్‌మెంట్లలో ఈ గొడవ వచ్చిందా? వస్తే ఏం తేల్చారు, షెడ్డు వేసారా, వద్దన్నారా? వేసినవాళ్ళుంటే వైరింగు ఎలా చేయించారో, ఎంతయిందో చెప్పండి. మొదటి ఆదివారం లోపు నాకు పనికొస్తుంది.